మహమ్మారి రోజుల్లో సంఘం: పాస్టర్లు, పెద్దలు, విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ వారంలోనే దేశమంతా లాక్‌డౌన్. ఆ ఏడు మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, ఏప్రిల్ 12న ఈస్టర్, మూడూ మూసిన తలుపుల వెనకే గడిచాయి. జూన్ 8 నుంచి మందిరాలు తెరుచుకోవచ్చన్నారు. 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో వేవ్ వచ్చి మళ్లీ అందరినీ ఇళ్లకు పంపింది. ఆ రెండేళ్లలో తెలుగు సంఘాల్లో పదే పదే వినబడిన ప్రశ్నలివి. గాలిలో పాకే జబ్బు ఇంకోటి వస్తే మళ్లీ ఇవే అడుగుతారు కాబట్టి జవాబులు ఒకచోట పెట్టాం. ప్రభుత్వ నిబంధనల్లోని అంకెలు అప్పటివి. రేపటి జబ్బుకు రేపటి నిబంధనలే చూసుకోవాలి.

మందిరం మూయడమంటే హెబ్రీ 10:25ను మీరినట్టే కదా?

కాదు. ఆ వచనం కూడుకోవడాన్ని అలవాటుగా మానేసినవాళ్ల గురించి. బద్ధకించి ఎగ్గొట్టడం వేరు, పక్కవాడికి జబ్బు అంటించకూడదని కొన్ని వారాలు ఆగడం వేరు. పౌలు థెస్సలొనీకకు వెళ్లాలని ఎంతో ఆశపడ్డాడు, వెళ్లలేకపోయాడు (1 థెస్స 2:17-18). తిమోతిని పంపాడు, ఉత్తరం రాశాడు. సంఖ్యాకాండం 9లో, శవాన్ని ముట్టి అపవిత్రులైనవాళ్లు, దూర ప్రయాణంలో ఉన్నవాళ్లు పస్కాను నెల తర్వాత చేసుకోవచ్చని దేవుడే వెసులుబాటు ఇచ్చాడు. ఈస్టర్ ఆరాధన తప్పిపోయిందని కుమిలిపోయేవాళ్లకు ముందు ఈ అధ్యాయం చదివి వినిపించండి.

లేవీయకాండం 13 కూడా అనుమానం ఉన్న మనిషిని ఏడు రోజులు వేరుగా ఉంచి మళ్లీ చూడమంటుంది. అదే అధ్యాయం 45వ వచనంలో పై పెదవి కప్పుకోవాలన్న మాట ఉంది. దాన్ని పట్టుకుని "బైబిల్లోనే మాస్కు ఉంది" అని వాట్సాప్‌లో తెగ తిప్పారు. అక్కడ చెప్పింది దుఃఖ చిహ్నం. మాస్కు పెట్టుకోవడానికి వేరే మంచి కారణాలున్నాయి, ఆ వచనాన్ని లాక్కురానక్కర్లేదు.

ఇది క్రైస్తవుల మీద కక్షేనా అన్నది దీనికి తోక ప్రశ్న. 2020 మార్చి 24 నాటి కేంద్ర హోం శాఖ ఉత్తర్వు గుడి, మసీదు, చర్చి, గురుద్వారా అన్నింటినీ ఒకే వాక్యంలో మూసింది.

ఏ తెగులూ నీ గుడారం దగ్గరికి రాదన్న 91వ కీర్తన ఉండగా భయమెందుకు? మాస్కు పెట్టుకుంటే విశ్వాసం లేనట్టా?

ఆ కీర్తనలోని మాటల్నే సాతాను దేవాలయ శిఖరం మీద యేసుకు ఎత్తి చెప్పాడు, దూకమన్నాడు. ప్రభువైన దేవుణ్ని శోధించకూడదన్నది ప్రభువిచ్చిన జవాబు (మత్తయి 4:5-7). వాగ్దానాన్ని నమ్మడానికీ, దాన్ని అడ్డం పెట్టుకుని దూకడానికీ ఉన్న తేడా అక్కడే తేలింది. పౌలు తోటి పనివాళ్లలో ఎపఫ్రొదితు జబ్బుతో చావుకు దగ్గరయ్యాడు, త్రోఫిము రోగిగా మిలేతులో ఉండిపోయాడు. వాళ్లది అల్పవిశ్వాసమని పౌలు ఎక్కడా అనలేదు.

1527లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు విశ్వవిద్యాలయం యేనాకు తరలిపోయింది. మార్టిన్ లూథర్ మాత్రం రోగుల కోసం ఊళ్లోనే ఉండిపోయి, పారిపోవచ్చా అని అడిగిన బ్రెస్లావ్ పాస్టర్లకు బహిరంగ లేఖ రాశాడు. దాని సారాంశం రెండు ముక్కలు: నీ అవసరం ఉన్న రోగిని వదిలి పోవద్దు, అవసరం లేని చోటికి పోయి జబ్బు మోసుకురావద్దు. మందు వేసుకో, ఇంటికి ధూపం వెయ్యి అని కూడా రాశాడు.

మందిరంలో అసలు ప్రమాదం ఎక్కడుంది?

గాలిలో, గడియారంలో. 2020లో అందరం గడప, గేటు, కుర్చీలు తుడవడం మీద పడ్డాం. కోవిడ్ ఎక్కువగా పాకింది మాత్రం మూసిన గదిలో చాలాసేపు పంచుకున్న ఊపిరి ద్వారా. వాకిట్లో థర్మామీటర్ తుపాకీ పెట్టి లోపల కిటికీలన్నీ బిగించిన మందిరాలు చాలా ఉన్నాయి. ఆ తుపాకీ జ్వరం ఉన్నవాళ్లను పట్టుకుంటుంది. జ్వరం రాకముందే జబ్బు పంచేవాళ్లను పట్టుకోలేదు.

స్ప్లిట్ ఏసీ చల్లబరుస్తుందే తప్ప బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. ఏసీ హాలు ఉన్న పట్నం సంఘాల కన్నా పక్క గుడ్డలు ఎత్తికట్టిన షామియానా కింద కూర్చున్న పల్లె సంఘం ఈ విషయంలో నయం. ఆరాధనకు పావుగంట ముందే తలుపులు, కిటికీలు తీయాలి, అయ్యేదాకా మూయకూడదు. ఒక పెడస్టల్ ఫ్యాన్‌ను కిటికీలో పెట్టి ముఖం బయటికి తిప్పండి. లోపలి గాలిని అది తోసేస్తుంటే ఎదుటి కిటికీలోంచి కొత్త గాలి వస్తుంది. జనం మీదికి తిప్పితే ముందు వరసలో వాళ్ల ఊపిరి వెనక వరసకు చేరుతుంది. కార్బన్ డయాక్సైడ్ మీటర్ దొరికితే హాలు నిండినప్పుడు చూడండి. 800 పీపీఎం లోపు ఉంటే గాలి బాగా ఆడుతున్నట్టు.

ఎంతమంది పడతారో లెక్క వేయాలి. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు హాలు 1,200 చదరపు అడుగులు. మనిషికి ఆరడుగుల ఎడం అంటే 36 చదరపు అడుగులు, కాగితం మీద 33 మంది. వేదిక, నడిచే దారి తీసేస్తే పాతికే. ఒకే ఇంటివాళ్లను కలిపి కూర్చోబెడితే ఇంకొందరు పడతారు, కానీ మనకు మగవాళ్లొక పక్క, ఆడవాళ్లొక పక్క కూర్చోవడం అలవాటు. ఆ కాలానికి ఆ అలవాటు పక్కన పెట్టాలి. జంపఖానా మీద గీతలు చెరిగిపోతాయి, ఇంటి నుంచి చాప తెచ్చుకోమనడం తేలిక. రెండు ఆరాధనలు పెడితే మధ్యలో అరగంట ఖాళీ ఉంచండి. మూడు గంటల ఆరాధనను గంటకు దించండి. ప్రసంగం తగ్గించమంటే కొందరు అయ్యగార్లకు కష్టంగా ఉంటుంది, కానీ ఇక్కడ నిమిషాలకు లెక్క ఉంది.

చెప్పులు విడిచే చోటే అందరూ గుమిగూడతారన్నది మరిచిపోవద్దు. ముందు వరస నుంచి కాదు, తలుపు దగ్గరి వరస నుంచి బయటికి పంపండి.

పాటలు ఎందుకు ఆపమన్నారు?

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ కౌంటీలో 2020 మార్చి 10న 61 మంది రెండున్నర గంటలు కోరస్ సాధన చేశారు. వాళ్లలో ఒకరికి జలుబులాంటి లక్షణాలు. మిగిలిన 60 మందిలో నిర్ధారణ అయినవీ, అనుమానమున్నవీ కలిపి 52 మందికి కోవిడ్ సోకింది, ఇద్దరు చనిపోయారు. పాడేటప్పుడు గుండెల నిండా పీల్చి బలంగా వదులుతాం. మాట్లాడినప్పటి కన్నా తుంపర ఎక్కువ. అందుకే 2020 జూన్ నిబంధనల్లో గాయకబృందాలు వద్దన్నారు, రికార్డు చేసిన పాటలు వేసుకోమన్నారు.

ఆరుబయట, మాస్కుతో, రెండు కీర్తనలు పాడుకుంటే ప్రమాదం చాలా తగ్గుతుంది. లోపలైతే ఒకరు పాడి, మిగతావారు మాస్కు వెనక మెల్లగా కలపాలి. సాక్ష్యాలప్పుడు మైకు చేతులు మారకూడదు, పెదవులకు ఆనించే మాట్లాడతాం గదా. స్టాండుకు బిగించేయండి. మైకు మీద శానిటైజర్ కొడితే లోపలికి దిగి పాడవుతుంది. పైజాలీని స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు.

నేల, కుర్చీలు దేనితో కడగాలి?

మామూలు రోజుల్లో సబ్బునీళ్లు చాలు. రోగి కూర్చున్న చోటుకు 1 శాతం హైపోక్లోరైట్: 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ లీటరు నీళ్లకు సుమారు 33 గ్రాములు, పది నిమిషాలు ఉంచి తుడవాలి. మూత తీసి నెలలైన పౌడర్‌లో బలం ఉండదు. దీన్ని యాసిడ్‌తో గానీ ఫినాయిల్‌తో గానీ కలపొద్దు. మనుషుల మీద చల్లొద్దు, అది కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే వద్దన్న పని.

ప్రభురాత్రి భోజనం ఎలా? ఇంట్లో ఫోను ముందు పెట్టుకుని తీసుకోవచ్చా?

ఇందులో సంఘానికో మాట ఉంది. కథోలికులకు తెర ద్వారా దివ్యసత్ప్రసాదం లేదు. పూజ చూస్తూ మనసులో ప్రభువును స్వీకరించే ఆత్మీయ సత్ప్రసాద ప్రార్థన ఉంది. అభిషిక్తులైన అయ్యగారే బల్ల (ప్రభురాత్రి భోజనం) ఇవ్వాలనే సంఘాల్లో చాలామంది నెలల తరబడి ఆగారు. బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకొస్తు సంఘాలు చాలావరకు ఇళ్లలోనే రొట్టె విరిచాయి. మీ సంఘం ఏది నమ్ముతుందో పెద్దలు కూర్చుని ముందే తేల్చి చెప్పాలి. ఒక ఆదివారం వద్దని, మరో ఆదివారం సరేనంటే జనం మనసులో బల్లే చులకనవుతుంది.

మందిరంలో ఇస్తే ఇలా: రొట్టె ముక్కలు, ద్రాక్షారసం సిద్ధం చేసేది ఒక్కరే, చేతులు సబ్బుతో కడుక్కుని, మాస్కు పెట్టుకుని, ఆ పని చేస్తూ మాట్లాడకుండా. ఒకే పాత్రలోంచి తాగడం, ఒకే పాత్రలో ముంచుకోవడం రెండూ ఆపాలి. ముంచేది రొట్టే అయినా వేళ్లు తగులుతాయి. చిన్న గ్లాసుల ట్రే తిప్పితే ఒక్కో గ్లాసు తీసేవాళ్ల చేయి పక్క నాలుగు గ్లాసులకు తగులుతుంది. గ్లాసుకు గ్లాసుకు మధ్య ఎడం పెట్టి బల్ల మీదే ఉంచి, ఒక్కొక్కరే వచ్చి తీసుకునేలా చేయాలి. రొట్టె ముక్కను చిన్న కాగితం కప్పులో వేసి, దాని పక్కనే రసం కప్పు. ఎవరి చోటికి వాళ్లు వెళ్లాక అందరూ ఒకేసారి మాస్కు దించి తీసుకుని, వెంటనే పైకి. చేతికి శానిటైజర్ రాసుకుంటే పూర్తిగా ఆరాకే రొట్టె పట్టుకోవాలి, లేదంటే నోట్లో స్పిరిట్ చేదే మిగులుతుంది.

ఎండు ద్రాక్ష నానబెట్టి కాచిన రసం ఈ ఎండలకు పొద్దున్నుంచి మధ్యాహ్నానికి పులుస్తుంది. రెండు ఆరాధనలుంటే రెండుసార్లు కాచండి. ఆరాధన తర్వాత ప్రేమవిందు పెట్టే సహవాసాలు పొట్లాలు కట్టి ఇంటికి పంపడం మేలు. అందరూ మాస్కులు తీసి ఎదురెదురుగా కూర్చునేది అక్కడే.

ఆన్‌లైన్ ఆరాధనలో ఎక్కడ దెబ్బతింటాం?

ముందుగా శబ్దం దగ్గర. బొమ్మ మసకగా ఉన్నా ఓర్చుకుంటారు. మాట తెగితే ఫోను కట్టేస్తారు. ఫోనును పాస్టర్ గారికి మూడు అడుగుల లోపు పెట్టండి, లేదా తీగ ఉన్న కాలర్ మైకు కొనండి. జూమ్‌లో అందరూ కలిసి పాడడం కుదరదు. ఒక్కో ఇంటి శబ్దం ఒక్కో క్షణం ఆలస్యంగా వస్తుంది. ఒకరే పాడాలి, మిగతావారంతా మ్యూట్. తబలా, డోలక్ మోతను జూమ్ రొదనుకుని అణిచేస్తుంది. ఆడియో సెట్టింగుల్లో 'ఒరిజినల్ సౌండ్' పెట్టాలి. ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు కాల్ తెగుతుంది. ముగింపు ఆశీర్వాదం 41వ నిమిషంలో పడకుండా చూసుకోండి.

రోజుకు నాలుగు లైవ్‌లు పెట్టినవాళ్లకు మూడో వారానికి చూసేవాళ్లు మిగల్లేదు. వారానికి ఒక ఆరాధన, ఒక ప్రార్థన చాలు. మిగతా సమయం ఫోన్లకు పెట్టండి.

స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్ల సంగతి?

సంఘం నిజంగా పనిచేసేది ఇక్కడే. సంఘ రిజిస్టర్ తీసి, ఎనిమిది నుంచి పది ఇళ్లకు ఒకరి చొప్పున పంచండి. ఆ ఒక్కరు వారంలో రెండుసార్లు ఫోన్ చేస్తారు. నాలుగు ప్రశ్నలు: ఒంట్లో ఎలా ఉంది, మందులు ఎన్ని రోజులకున్నాయి, ఇంట్లో బియ్యం ఉన్నాయా, దేని గురించి ప్రార్థన చేయాలి. జవాబులు నోటు పుస్తకంలో రాయాలి, గ్రూపులో పెట్టకూడదు. ఫలానా వాళ్లకు పాజిటివ్ అని ప్రార్థన మనవిలా గ్రూపులో వేస్తే, సాయంత్రానికి ఆ ఇంటికి పాలవాడు రావడం మానేశాడు, అదీ అనుభవం. కీప్యాడ్ ఫోన్లలో కాన్ఫరెన్స్ కాల్ కుదురుతుంది; నలుగురైదుగురు ముసలమ్మలు కలిసి ఒక అధ్యాయం వినడానికి అది చాలు.

కానుకలు ఆగిపోయాయి. పాస్టర్ గారి కుటుంబం ఎలా బతకాలి?

రెక్కాడితే గానీ డొక్కాడని విశ్వాసులున్న సంఘాల్లో పాస్టర్లే ముందు పస్తున్నారు. 2020 మేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అర్చకులు, ఇమాములతో పాటు పాస్టర్లకు ఒక్కసారి సాయంగా ₹5,000 ఇచ్చింది. అది నెలకు కూడా చాలని డబ్బు. పెద్దలు కూర్చుని పాస్టర్ ఇంటికి నెలకు ఇంత బియ్యం, ఇంత అద్దె అని ముందే ఖాయం చేయాలి.

కానుకల సంచి చేతులు మార్చకుండా తలుపు దగ్గర పెట్టె పెట్టండి. క్యూఆర్ కోడ్ సంఘం పేరున ఉన్న ఖాతాదే అయ్యుండాలి. పాస్టర్ గారి సొంత ఖాతా అయితే ఆయన జీతమేదో, సంఘం సొమ్మేదో ఆరు నెలలకు ఆయనకే తెలియదు, అక్కడి నుంచే గొడవలు. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదని ట్రెజరర్‌కు గట్టిగా చెప్పండి. కానుక పంపుతాం, పిన్ కొట్టండి అన్నవాడు దొంగ.

అమెరికాలో ఉన్న మనవాళ్లు సాయం పంపుతామంటున్నారు. తీసుకోవచ్చా?

పంపేవాళ్లు ఇంకా భారత పౌరులై ఉండి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు నకలు దగ్గర ఉంచుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు తెలుగువాళ్లే అయినా, అక్కడి తెలుగు చర్చి అయినా చట్టానికి విదేశీ మూలమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు లేదా ముందస్తు అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి. 2020 సెప్టెంబరు సవరణతో ఆ డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, తీసుకున్న సంస్థ వేరే సంస్థకు పంచి ఇవ్వకూడదు. "మా ఖాతాలోకి తెప్పించి మీకిస్తాం" అనే పెద్ద సంస్థను నమ్ముకుంటే ఇద్దరూ ఇరుక్కుంటారు.

బియ్యం పంచేటప్పుడు విశ్వాసులకు ముందు, మిగతావారికి తర్వాత అనొద్దు. ఆకలికీ బాప్తిస్మానికీ ముడి పెట్టొద్దు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూలి కోసం సంఘంలో కలిశారనే మాట రాకుండా ఆ సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అంతా అయ్యాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

రోగికి నూనె రాసి ప్రార్థించమని యాకోబు 5:14లో ఉంది. ఎలా వెళ్లాలి?

అరవై దాటినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు వెళ్లొద్దు, పాస్టర్ గారైనా సరే. వెళ్లేవాళ్లు ఒక్కరే, ఎన్-95 మాస్కుతో, కిటికీ అవతల గానీ వరండాలో గానీ నిలబడి పది నిమిషాల్లో ముగించాలి. నూనె ఇంట్లో రోగిని చూసుకునే మనిషే రాయొచ్చు, పాస్టర్ గారు ఫోన్‌లో ప్రార్థిస్తారు. కథోలిక సంఘంలో వ్యాధిగ్రస్తుల అభ్యంగనం గురువులే ఇవ్వాలి కాబట్టి ఫాదర్ గారికి కబురు చేయండి.

నూనె సీసాతో పాటు, వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ తీసుకెళ్లండి. వేలికి గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉన్నా, చేయి చల్లగా ఉన్నా తప్పు అంకె చూపిస్తుంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, అంకె నిలకడగా నిలిచాక రాసుకోవాలి. 94 లేదా పైన ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. 90 నుంచి 93 అయితే వెంటనే డాక్టరుకు ఫోన్. 90 లోపైతే ఆలోచించకుండా ఆసుపత్రికి. జ్వరంలో ఉన్నవాళ్లు, షుగర్ మాత్రలు వాడేవాళ్లు శుక్రవారం ఉపవాసం మానాలి. స్వస్థత వచ్చిందని మాత్రలు పారేయించడం సంఘం పని కాదు. హిజ్కియా రాజుకు ఆయుష్షు పెంచిన దేవుడే అంజూరపు ముద్ద పుండుకు కట్టించాడు (2 రాజులు 20:7).

టీకా 666 ముద్రా? పిండాల కణాలతో చేశారా?

ప్రకటన 13లోని ముద్ర కుడి చేతి మీదో నొసటి మీదో వేసేది, మృగానికి మొక్కేవాళ్లకు. తెలిసి చేసే ఆరాధన అది (14:9). భుజానికి వేసిన సూది వల్ల తెలియకుండా ఎవరూ ప్రభువును వదిలేయలేరు. చిప్ సంగతికొస్తే, బ్యాటరీ, యాంటెన్నా లేకుండా ఏ చిప్పూ దానంతటది సంకేతాలు పంపలేదు.

రెండో ప్రశ్న న్యాయమైనదే, తోసిపుచ్చకండి. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసిన కోవాగ్జిన్ చంపిన వైరస్ టీకా. ఆ వైరస్‌ను కోతి మూత్రపిండం నుంచి వచ్చిన వెరో కణాల్లో పెంచుతారు. కోవిషీల్డ్‌ను పెంచే కణాలు 1970ల నాటి ఒక పిండం నుంచి మొదలైన వరస. టీకాలో ఆ కణాలుండవు. అలాంటి టీకా తప్ప వేరే దొరకనప్పుడు వేయించుకోవడం నైతికంగా తప్పు కాదని వాటికన్ 2020 డిసెంబర్ 21న స్పష్టం చేసింది. మనస్సాక్షి ఒప్పనివాళ్లకు కోవాగ్జిన్ ఉండేది.

కోవిడ్‌తో ప్రభువునందు నిద్రించినవారి భూస్థాపన ఎలా?

భూస్థాపన ఎప్పుడూ నిషేధం కాలేదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చి 15న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సంచి జిప్పు కొంచెం తీసి ముఖం చూపించొచ్చు. ముట్టుకోకుండా వాక్యం చదవొచ్చు, ప్రార్థించొచ్చు. స్నానం చేయించడం, ముద్దు పెట్టడం, కౌగిలించుకోవడం వద్దన్నారు. లాక్‌డౌన్‌లో ఇరవై మందికి మించకూడదన్నారు.

చేయాల్సిన వరస: ఆసుపత్రి నుంచి కదలకముందే సమాధుల తోట కమిటీతోనూ పంచాయతీతోనూ మాట్లాడి గుంట తవ్వించాలి. శవపేటిక రెండు తాళ్ల మీద దించాలి, నలుగురే, మాస్కులూ గ్లౌజులూ వేసుకుని. కుటుంబం గాలి వచ్చే వైపు నిలబడాలి. మట్టి వేయాలనుకున్నవాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి పిడికెడు వేసి వెనక్కి. గ్లౌజులు, కిట్లు అక్కడే పారేసి వస్తే మర్నాడు ఊరంతా గొడవ. సంచిలో కట్టి తెచ్చి ఆసుపత్రి చెత్త కింద ఇవ్వండి. ఊరివాళ్లు అడ్డుకుంటారనిపిస్తే తహసీల్దారుకూ పోలీసులకూ ముందే చెప్పండి. 2020 ఏప్రిల్‌లో చెన్నైలో క్రైస్తవ వైద్యుడొకరి మృతదేహాన్ని పాతిపెట్టనీయకుండా ఆంబులెన్స్ మీద రాళ్లు వేశారు. మట్టిలో ఉన్న శవం నుంచి జబ్బు గాలిలో లేవదన్న మాట పాస్టర్ గారి కన్నా ప్రభుత్వ డాక్టరు చెబితే వింటారు.

చోటు లేక దహనం చేయాల్సి వస్తే పునరుత్థానానికి అడ్డమేమీ లేదు. ఆదరణ కూడిక తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. పెట్టకుండా మాత్రం వదలొద్దు. వీడియోలో చూసిన చావును చాలా ఇళ్లు ఇంకా నమ్మలేదు.

బాప్తిస్మాలు?

ఆగగలిగితే ఆగండి. తప్పకపోతే తొట్టిలో కన్నా కాలువలో, ఒక్కొక్కరుగా. నీళ్లది కాదు సమస్య, రెండు ముఖాలు జానెడు దూరంలో ఉంటాయి. తడిసిన మాస్కు పనిచేయదు, పాస్టర్ గారు ప్రతి ఒక్కరికీ కొత్తది మార్చాలి.

క్రిస్మస్, వాచ్‌నైట్‌ (డిసెంబరు 31 రాత్రి ఆరాధన)లకు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది?

కొవ్వొత్తుల ఆరాధనలో శానిటైజర్ వద్దు. స్పిరిట్ తడి ఆరని చేతికి మంట అంటుకుంటే పగటిపూట కనిపించను కూడా కనిపించదు. తలుపు దగ్గర సబ్బు, నీళ్లు పెట్టండి. బైబిల్ వచనం రాసిన వాగ్దానం కార్డులు ఒకే పళ్లెంలో చేతులు పెట్టి ఏరుకునే బదులు కవర్లలో పెట్టి ఇవ్వొచ్చు. క్యారల్స్‌కు వెళ్తే వాకిట్లోనే పాడి, లోపలికి పిలిచినా కేకు వద్దనాలి. అది కష్టమని తెలుసు.

మందిరం తెరిచి నెలలైంది, కొందరు ఇంకా రావడం లేదు.

రిజిస్టర్ పక్కన పెట్టుకుని మూడు రకాలుగా విడదీయండి. ఫోన్‌లోనే అలవాటైపోయినవాళ్లు, వాళ్లకు లైవ్ ఆపడం కన్నా సండే స్కూల్‌లోనో వంటలోనో ఒక పని అప్పగించడం పనిచేస్తుంది. జబ్బు తర్వాత ఆయాసంతో మెట్లెక్కలేనివాళ్లు. వాళ్లకు కావాల్సింది ప్రసంగం కాదు, ఆటో. మూడోవాళ్లు మనిషిని పోగొట్టుకున్నవాళ్లు. భర్త పక్కన కూర్చున్న చోటును చూడలేక రాని అమ్మగారిని "విశ్వాసం చల్లారింది" అనకండి. వారం మధ్యలో ఓ మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు వెళ్లి అరగంట కూర్చోండి. చనిపోయినాయన పేరు పెట్టి మాట్లాడండి. ప్రార్థన చేయమని ఆవిడ అడిగితే చేయండి, అడగకపోతే టీ తాగి రండి, మళ్లీ వారం వెళ్లండి.